తిరిగి వాడే పెట్టెల వ్యాపారం: ఉద్యోగాలు వదిలి పెట్టుబడి తీసుకోవాలా?

1. కొత్తబాట

నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నేనూ నా స్నేహితురాలూ ఉద్యోగాలు చేసుకుంటూనే ఒక చిన్న వ్యాపారం నడుపుతున్నాం. ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్ళకు అట్టపెట్టెల బదులు మడతపడే గట్టి ప్లాస్టిక్ పెట్టెలు అద్దెకిస్తాం. కొన్నవాళ్ళు సరుకు తీసుకుని ఖాళీ పెట్టెను మడిచి వెనక్కి ఇస్తారు. దాన్ని శుభ్రం చేసి మళ్ళీ తిప్పుతాం. కొద్దిమంది అమ్మకందారులతో నడిపి చూశాం. పదింటికి తొమ్మిది పెట్టెలు వెనక్కి వచ్చాయి. మేమే నమ్మలేకపోయాం.

ఇప్పుడు ఒక మదుపుదారు డబ్బు పెడతానంటున్నారు. అయితే ఇద్దరం ఉద్యోగాలు వదిలేయాలి, ఏడాది తిరిగేలోపు వీలైనన్ని నగరాల్లో అడుగుపెట్టాలి. ముందు మార్కెట్ పట్టండి, లాభమూ పర్యావరణమూ తర్వాత వాటంతట అవే వస్తాయన్నది ఆయన వాదం. స్నేహితురాలు సరేనంటోంది. నేను కొంచెం ఆగుదామన్నాను. "మీది ఉద్యోగి మనస్తత్వం, వ్యాపారం చేసేవాళ్ళది కాదు" అన్నారాయన. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. అలాంటి మనస్తత్వం ఒకటి నిజంగా ఉంటుందా? ఉంటే నేర్చుకోవచ్చా, పుట్టుకతో రావలసిందేనా?

2. నిప్పుకణిక

ఆయన అన్నదాంట్లో తప్పేముందండీ? రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళు ఏ ఒడ్డుకూ చేరరు. పదింటికి తొమ్మిది వెనక్కి వస్తున్నాయంటే జనం మీ ఆలోచనను మెచ్చినట్టే. ఇంకేం రుజువు కావాలి? జేమ్స్ డైసన్ సంచి లేని వాక్యూమ్ క్లీనర్ కోసం 5,127 నమూనాలు తయారుచేశాడు. లెక్కలు వేసుకుంటూ కూర్చుని ఉంటే వందో నమూనా దగ్గరే ఆగిపోయేవాడు. వ్యాపారంలో మొదటి మూలధనం తెగింపు. మిగతావన్నీ దారిలో దొరుకుతాయి.

3. తూనికరాయి

నిప్పుకణిక గారూ, డైసన్ కథ సగమే చెప్పారు. ఆ నమూనాలు 1979 నుంచి 1984 దాకా సాగాయి. ఆ ఐదేళ్ళలో ఇల్లు గడవడానికి ఆయన భార్య చిత్రకళ పాఠాలు చెప్పి తెచ్చిన జీతం ఆసరాగా ఉంది. అంటే ఆ ఇంట్లో ఒక ఉద్యోగం ఉంది. తెగింపు అనేదాని వెనక సాధారణంగా ఇలాంటి జీతమో, ఆస్తో, అప్పిచ్చే బంధువో ఉంటారు. విజయగాథ రాసేటప్పుడు ఆ ఒక్కరినే వదిలేస్తారు.

కొత్తబాట గారూ, మిమ్మల్ని ఉద్యోగి మనస్తత్వం అన్న మనిషి ఏ జీతం మీద బతుకుతున్నారో కనుక్కున్నారా? మదుపు నిధుల నిర్వాహకులకు ఏటా నిర్వహణ రుసుము వస్తుంది. మీ వ్యాపారం మునిగినా అది ఆగదు.

4. గాలిపటం

తూనికరాయి గారు ఈరోజు మంచి ఊపులో ఉన్నారు :)

5. అధస్సూచిక

మనస్తత్వం నేర్చుకోవచ్చా అన్న ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే ప్రయోగం ఒకటుంది. ఆఫ్రికాలోని టోగోలో 1,500 మంది చిన్న వ్యాపారులను మూడు సమానమైన గుంపులుగా చేశారు. ఒక గుంపుకు పద్దులు, మార్కెటింగ్ లాంటి మామూలు వ్యాపార శిక్షణ ఇచ్చారు. రెండో గుంపుకు చొరవ నేర్పారు. అంటే, ఎవరూ చెప్పకముందే పని అందుకోవడం, రాబోయే అడ్డంకిని ముందే ఊహించి దారి సిద్ధం చేసుకోవడం, పక్కవాళ్ళకంటే భిన్నంగా ఏం చేయగలమో వెతకడం, ఎదురుదెబ్బ తగిలితే మరో మార్గం పట్టడం. మూడో గుంపుకు ఏ శిక్షణా లేదు. ఫలితాలు 2017లో సైన్స్ పత్రికలో వచ్చాయి. చొరవ నేర్చుకున్నవాళ్ళ లాభాలు, శిక్షణ లేనివాళ్ళతో పోలిస్తే 30 శాతం పెరిగాయి. మామూలు శిక్షణ పొందినవాళ్ళవి 11 శాతం పెరిగినట్టు కనిపించినా, అది గణాంకపరంగా గట్టిగా నిలబడే తేడా కాదు.

కాబట్టి మనస్తత్వం ఉంది, నేర్పవచ్చు కూడా. కానీ అక్కడ నేర్పినవాటిలో కళ్ళు మూసుకుని దూకడం లేదు. అడ్డంకిని ముందే ఊహించడం అందులో ఒక పాఠం. కొత్తబాట గారు ఆగి ఈ ప్రశ్న అడుగుతున్నారంటే చేస్తున్నది అదే.

ఉద్యోగం సంగతి. జోసెఫ్ రాఫీ, జీ ఫెంగ్ అనే పరిశోధకులు అమెరికా సమాచారంతో 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఉద్యోగం చేస్తూనే వ్యాపారం మొదలుపెట్టి, తర్వాత పూర్తిగా అందులోకి మారినవాళ్ళ వ్యాపారాలు మూతపడే ముప్పు, మొదటి రోజే ఉద్యోగం వదిలినవాళ్ళతో పోలిస్తే మూడింట ఒక వంతు తక్కువ. జాగ్రత్తపరులు పిరికివాళ్ళన్న అభిప్రాయానికి ఇది ఎదురు సాక్ష్యం.

ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళకే ఇది సాధ్యమని ఎవరైనా అనేముందు ఇంకొక్కటి. అమెరికాలో అత్యంత వేగంగా పెరిగిన కొత్త సంస్థలను, అంటే వెయ్యింటికి ఒకటిగా నిలిచినవాటిని చూస్తే, వాటిని స్థాపించేనాటికి స్థాపకుల సగటు వయసు 45. పియర్ అజూలే బృందం తేల్చిన లెక్క ఇది.

6. నిప్పుకణిక

సగటు లెక్కలతో ఎవరూ సంస్థ కట్టలేదండీ. అవకాశం తలుపు తట్టినప్పుడు అధ్యయనాలు చదువుతూ కూర్చుంటే అది పక్కింటికి పోతుంది. అంతే నేను చెప్పేది.

7. పాతచిట్టా

ఇంతసేపూ మనస్తత్వం గురించే మాట్లాడుకున్నారు. ఒక్కరూ అంకెలు అడగలేదు. నేను చాలా ఏళ్ళుగా చిన్న సంస్థల పద్దులు చూస్తున్నాను, అలవాటు ప్రకారం అడుగుతాను. కొత్తబాట గారూ, డబ్బులో చెప్పనక్కర్లేదు. ఒక అట్టపెట్టె ఖరీదును ఒకటి అనుకుని మిగతావి దానితో పోల్చి చెప్పండి. మీ పెట్టె ఖరీదు ఎంత? ఒక్కో ప్రయాణానికి అద్దె ఎంత? వెనక్కి తెచ్చి శుభ్రం చేయడానికి ఎంత? పెట్టె వెళ్ళి, వచ్చి, మళ్ళీ బయలుదేరడానికి ఎన్ని రోజులు?

8. కొత్తబాట

పెట్టె ఖరీదు 12. అద్దె 1. అమ్మకందారులు అట్టపెట్టెకు ఇచ్చేంత మాత్రమే ఇస్తామన్నారు, పైసా ఎక్కువ ఇవ్వమన్నారు. వెనక్కి తెచ్చి శుభ్రం చేయడానికి 0.4 అవుతోంది. ఒక చుట్టు పూర్తవడానికి 24 రోజులు.

9. పాతచిట్టా

ధన్యవాదాలు. ఇంత స్పష్టంగా చెప్పేవాళ్ళు తక్కువ.

ఒక్కో ప్రయాణానికి మీకు మిగిలేది 0.6. పెట్టె ఖరీదు 12. అంటే పెట్టె తన ఖరీదు తాను తెచ్చుకోవాలంటే 20 సార్లు తిరగాలి. మీ జీతాలు, గోదాము, సాఫ్ట్‌వేర్ ఇందులో లేవు.

ఇక పెట్టె సగటున ఎన్నిసార్లు తిరుగుతుందో చూద్దాం. ప్రతిసారీ పదింటిలో ఒకటి పోతోంది. అలాంటప్పుడు ఒక పెట్టె సగటు ఆయుష్షు, ఒకటిని పోయే వాటాతో భాగిస్తే వస్తుంది. 1ని 0.1తో భాగిస్తే 10. మీ పెట్టె 10 సార్లు తిరిగి మాయమవుతోంది. అది తెచ్చేది 6, మీరు పెట్టింది 12. ప్రతి పెట్టె మీదా సగం ఖరీదు పోగొట్టుకుంటున్నారు.

మీరు సంతోషించిన "పదింటికి తొమ్మిది" నష్టాల అంకె. వాపసు 80 శాతం అయితే పెట్టె 5 సార్లు తిరుగుతుంది, 90 అయితే 10 సార్లు, 95 అయితే 20 సార్లు. 90కీ 95కీ మధ్య ఉన్నవి ఐదు అంకెలే, కానీ పెట్టె ఆయుష్షు రెట్టింపవుతోంది. మీ వ్యాపారం భవిష్యత్తు ఆ ఐదు అంకెల మధ్య ఉంది.

ఈ స్థితిలో మదుపుదారు డబ్బుతో పది నగరాలకు వెళితే నష్టం పదింతలవుతుంది. విస్తరించాక లాభం దానంతటదే వస్తుందన్నారు కదా, ఎలా వస్తుందో ఆయన్నే లెక్కవేసి చూపమనండి.

10. చిల్లరశంక

పాతచిట్టా గారి లెక్కలో చిన్న సవరణ. ఆ సూత్రం పెట్టె ఎప్పటికీ పాడవదని అనుకుంటుంది. నిజానికి మడతల దగ్గర కీళ్ళు అరుగుతాయి. తయారీదారు 40 సార్లకు హామీ ఇచ్చాడనుకుందాం, ఆ తర్వాత పక్కన పెట్టాల్సిందే. అప్పుడు 95 శాతం వాపసుతో సగటు 20 రాదు, సుమారు 17 మాత్రమే. 20 రావాలంటే వాపసు 96 శాతం ఉండాలి. 98 శాతం సాధించినా 50 రాదు, 28 దగ్గరే ఆగిపోతుంది. వాపసు పెరిగేకొద్దీ పెట్టె మన్నిక అడ్డొస్తుంది. అంటే పెట్టె నాణ్యత మీద పెట్టే ఖర్చు, వాపసు బాగున్న చోటే గిట్టుబాటవుతుంది.

11. పాతచిట్టా

నిజమే, ఒప్పుకుంటున్నాను. 96 అని దిద్దుకోండి.

మరో సంగతి రోజులు. 24 రోజులకు ఒక చుట్టు అంటే ఏడాదికి 15 చుట్లు. ఒక్క పెట్టె కూడా పోలేదనుకున్నా, ఖరీదు వెనక్కి రావడానికి 480 రోజులు పడుతుంది. ఆ 480 రోజులూ మీ నగదు పెట్టెల రూపంలో ఎక్కడెక్కడో తిరుగుతూ ఉంటుంది. చుట్టును 12 రోజులకు దించగలిగితే అదే పెట్టె 240 రోజుల్లో తన ఖరీదు తెచ్చుకుంటుంది. కొత్త పెట్టుబడి లేకుండానే సగం పెట్టెలతో అదే పని జరుగుతుంది. మదుపుదారు కోసం వెతికే ముందు ఈ పన్నెండు రోజుల కోసం వెతకండి.

సంస్థలు మూతపడేది నష్టం వచ్చిన రోజున కాదు, చెల్లింపు తేదీన ఖాతాలో నగదు లేని రోజున. అమ్మకాలు పెరుగుతూ ఉండగానే మూతపడ్డవి చాలా చూశాను. పెరిగే ప్రతి ఆర్డరుకూ ముందు పెట్టె కొనాలి, అద్దె తర్వాత వస్తుంది.

12. పచ్చలెక్క

పర్యావరణం వైపు నుంచి మాట్లాడతాను, నా పని అదే.

పాతచిట్టా గారు వేసిన లెక్కలో డబ్బు తీసేసి కర్బన ఉద్గారాలు పెట్టి చూడండి. అదే లెక్క. గట్టి ప్లాస్టిక్ పెట్టె తయారీకి అట్టపెట్టెకంటే ఎక్కువ ముడిసరుకు, ఎక్కువ శక్తి కావాలి. అది కొన్నిసార్లు తిరిగాకే ఆ భారం తీరుతుంది. తీరకముందే పోయిన ప్రతి పెట్టె, అట్టపెట్టెకంటే ఎక్కువ హాని చేసినట్టే. తిరిగి వాడదగినది అన్న ముద్ర వేసినంత మాత్రాన ఏమీ ఒరగదు. నిజంగా ఎన్నిసార్లు తిరిగిందన్నదే ముఖ్యం. దానికి తోడు వెనక్కి తెచ్చే బండి ఇంధనం, కడిగే నీరు, వేడి కూడా కలపాలి.

అందుకే "ముందు మార్కెట్, తర్వాత పర్యావరణం" అన్న మాట మీ వ్యాపారానికి అసలు పొసగదు. కొన్ని వ్యాపారాల్లో ఈ రెండూ వేరువేరు పద్దులు కావచ్చు. మీ దగ్గర మాత్రం లాభాన్నీ ఉద్గారాలనూ నిర్ణయించేది ఒకే అంకె, అది వాపసు శాతం.

ప్రచారంలో ఒక జాగ్రత్త. "అట్టపెట్టెకంటే పర్యావరణానికి మేలు" అని బహిరంగంగా చెప్పాలంటే పోలిక సమానంగా ఉండాలి. ఒక పెట్టెను ఒక పెట్టెతో పోల్చకూడదు, వెయ్యి డెలివరీలను వెయ్యి డెలివరీలతో పోల్చాలి. జీవితచక్ర అంచనాకు, అంటే ముడిసరుకు నుంచి పారేసేదాకా ఒక వస్తువు చేసే హానిని లెక్కించడానికి, ఐఎస్ఓ 14040, 14044 అనే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. రెండు వస్తువులను పోల్చి ఒకటి మేలని ప్రజలకు చెప్పేటప్పుడు బయటి నిపుణుల సమీక్ష ఉండాలని 14044 అడుగుతుంది. అంత ఖర్చు ఇప్పుడే పెట్టలేరు. అందాకా ఆకు బొమ్మలూ ఆకుపచ్చ రంగులూ మానేసి, "మా పెట్టె సగటున ఇన్నిసార్లు తిరిగింది" అని నిజమైన అంకె ఒక్కటి ముద్రించండి. 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల ఉద్గార పరీక్షల మోసం బయటపడ్డాక, శుభ్రమైన డీజిల్ అంటూ అన్నేళ్ళు చేసిన ప్రచారమే ఆ సంస్థ మెడకు చుట్టుకుంది.

13. గాలిపటం

అంటే ఇల్లు కదలకుండా ఆకు బొమ్మ వేసుకుని లోకాన్ని ఉద్ధరించే దారి మూసుకుపోయిందన్నమాట. నాకు బాధగా ఉంది.

14. మడతపెట్టె

నేనే ఆ స్నేహితురాలిని. చర్చ లంకె తను పంపితే వచ్చాను. అందరూ నన్ను ఆలోచన లేకుండా దూకే మనిషిగా అనుకుంటున్నట్టున్నారు, కాబట్టి నా వైపు కూడా వినండి.

లెక్క నాకు తెలియనిది కాదు, ఆ ఆయుష్షు సూత్రం మాత్రం కొత్తగా నేర్చుకున్నాను. నా వాదం ఇది. వాపసు శాతం పెరగాలంటే ప్రతి వీధిలోనూ పెట్టె అందుకునే చోటు ఉండాలి. చోట్లు ఉండాలంటే పెట్టెలు ఎక్కువ తిరగాలి. పెట్టెలు ఎక్కువ తిరగాలంటే డబ్బు కావాలి. చిన్నగా ఉన్నంతకాలం 90 దాటం. మేం నెమ్మదిగా వెళితే మాకంటే పదిరెట్లు డబ్బున్నవాళ్ళు వచ్చి ఇదే పని చేస్తారు. అప్పుడు మా జాగ్రత్తకు ఎవరు పతకం ఇస్తారు?

15. నిప్పుకణిక

సరిగ్గా చెప్పారు! ఇన్ని పోస్టుల తర్వాత వ్యాపారం మాట్లాడిన మొదటి మనిషి.

16. తూనికరాయి

మడతపెట్టె గారి వాదంలో బలం ఉంది, కాదనను. చోట్లు దగ్గరదగ్గరగా ఉంటే వాపసు పెరుగుతుంది. కానీ చూడండి, దానికి కావలసింది ఒకే ఊళ్ళో దట్టంగా పాకడం. మదుపుదారు అడుగుతున్నది అనేక నగరాల్లో పలచగా పరుచుకోవడం. పలచబడితే వెనక్కి తెచ్చే ఖర్చు 0.4 దగ్గర ఉండదు, వాపసు 90 దగ్గరా నిలవదు. ఆయన షరతు మీ వాదానికే అడ్డం.

ఆయన అలా ఎందుకు అడుగుతున్నారంటే, ఆయన చెడ్డవారు కావడం వల్ల కాదు. అలాంటి నిధులకు సాధారణంగా పదేళ్ళ గడువు ఉంటుంది. పెట్టిన సంస్థల్లో ఎక్కువ భాగం పోతాయని ముందే తెలుసు, ఒకటీ రెండూ వందరెట్లు పెరిగితే చాలు. మీ సంస్థ నిదానంగా లాభాల్లోకి వచ్చి ఇరవయ్యేళ్ళు నడవడం మీకు విజయం. ఆ నిధి లెక్కలో అది వైఫల్యానికి దగ్గర.

వీవర్క్‌ను గుర్తు చేసుకోండి. భవనాలను ఏళ్ళ తరబడి లీజుకు తీసుకుని నెలల లెక్కన అద్దెకిచ్చింది. 2019 జనవరిలో దాని విలువ 47 బిలియన్ డాలర్లు అన్నారు. 2023 నవంబరులో దివాలా రక్షణ కోరింది. చెల్లించాల్సినవి దీర్ఘకాలికం, రాబడి స్వల్పకాలికం, మధ్యలో ఉన్నది ఇతరుల డబ్బు. పెట్టెలు ముందు కొని వాటి ఖరీదు వెనక్కి రావడానికి 480 రోజులు ఎదురుచూసే వ్యాపారానికి ఈ కథ కొత్తేమీ కాదు.

పక్కనే మరో కథ. వ్యాపారాల తరఫున ఈమెయిల్‌లు పంపే మెయిల్‌చింప్ 2001లో ఒక వెబ్ డిజైన్ సంస్థకు పక్క పనిగా మొదలైంది. బయటి మదుపు తీసుకోకుండా పెరిగి 2021లో సుమారు 12 బిలియన్ డాలర్లకు ఇంట్యూట్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ చేతికి వెళ్ళింది.

17. మడతపెట్టె

మెయిల్‌చింప్ పోలిక నాకు నచ్చలేదండీ. ఈమెయిల్ పంపడానికి పెట్టె కొనక్కర్లేదు, కడగక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ వ్యాపారాన్ని చూపించి మాలాంటివాళ్ళకు సొంత డబ్బుతో పెరగమని చెప్పడం తేలిక. అన్నట్టు ఆ అమ్మకంలో వాటాలు లేని ఉద్యోగులు నొచ్చుకున్న సంగతి కూడా వార్తల్లో వచ్చింది. బయటి మదుపు లేకపోవడం దానంతటదే పుణ్యం కాదు.

18. తూనికరాయి

ఈ రెండూ సరైన మాటలే. ఆ ఉదాహరణ వెనక్కి తీసుకుంటున్నాను.

19. నిర్వాహకులు

నిప్పుకణిక గారు, గాలిపటం గారు మధ్యలో రాసిన నాలుగు పోస్టులు విషయానికి సంబంధం లేనివి కావడంతో తీసేశాం. దయచేసి మనుషుల్ని వదిలి విషయం మీద ఉండండి.

20. సరుకుబండి

రవాణాలో ఉన్నవాణ్ణి. ఇంతసేపూ చదివి ఒకే ఒక ప్రశ్న వేద్దామని వచ్చాను. మీ పెట్టె ఇంటింటికీ ఎందుకు వెళ్ళాలి?

ఇంటికి వెళ్ళిన పెట్టె వెనక్కి రావాలంటే, దాని మీద ఏ ఆసక్తీ లేని మనిషి గుర్తుపెట్టుకుని ఇవ్వాలి. అదే ఒక సంస్థ గోదాము నుంచి దాని శాఖలకు వెళ్ళే సరుకైతే, బండి ఎలాగూ తిరిగి వస్తుంది. చాలాసార్లు ఖాళీగా వస్తుంది. మడిచిన పెట్టెలు వేసుకుని వస్తే అదనపు ఖర్చు దాదాపు ఉండదు. పంపేవాడు, తీసుకునేవాడు ఒకే యజమాని మనుషులు. పెట్టె పోతే అడగడానికి పేరూ చిరునామా ఉంటాయి.

తిరిగి వాడే సామాను ప్రపంచవ్యాప్తంగా నిలబడింది ఇలాంటి చోటే. చెప్ అనే సంస్థ నీలిరంగు పాలెట్లు, అంటే సరుకు పేర్చి ఎత్తే చెక్క పీటలు, మీలో కొందరు చూసే ఉంటారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా సైన్యం ఆస్ట్రేలియాలో వదిలి వెళ్ళిన సామగ్రితో మొదలైంది. 1958లో దాన్ని బ్రాంబుల్స్ అనే ఆస్ట్రేలియా సంస్థ కొనుక్కుంది. చెప్ పాలెట్ అమ్మదు, అద్దెకిస్తుంది. యాజమాన్య హక్కు ఎప్పుడూ తనదే. గ్లామర్ ఏమీ లేని వ్యాపారం, ఇప్పటికీ నడుస్తోంది.

21. పచ్చలెక్క

సరుకుబండి గారు అసలు కీలకం పట్టుకున్నారు. ఇళ్ళ నుంచి వెనక్కి రప్పించడం అసాధ్యం కాదు. జర్మనీలో 2003 నుంచి ఒకసారి వాడే పానీయాల సీసాల మీద తప్పనిసరి డిపాజిట్ ఉంది, 25 సెంట్లు. సుమారు 98 శాతం వెనక్కి వస్తాయి. కానీ అక్కడ చట్టం ఉంది, అమ్మే దుకాణమే వెనక్కి తీసుకోవాలి, కొనేవాళ్ళు మళ్ళీ అక్కడికే వెళతారు. ఒక స్టార్టప్ ఒంటరిగా ఇవన్నీ తయారుచేయలేదు.

అద్దె పద్ధతి కూడా ప్రతిచోటా నెగ్గదు. రే ఆండర్సన్ 1994లో తన తివాచీల సంస్థ ఇంటర్‌ఫేస్‌ను పర్యావరణ బాట పట్టించాడు. కార్యాలయాలకు తివాచీలు అమ్మకుండా అద్దెకిచ్చి, పాడైన ముక్కలే మార్చే పథకం పెట్టాడు. ఆలోచన చాలా గొప్పది, వినియోగదారులు మాత్రం పెద్దగా ముందుకు రాలేదు. అదే సంస్థ కర్మాగారంలో వృథా తగ్గించడం మొదలుపెడితే డబ్బు వెంటనే మిగిలింది. అందరూ మెచ్చుకునే ఆలోచన ఆగిపోయి, ఎవరికీ కనబడని పని మిగతా ప్రయాణానికి ఖర్చులు తెచ్చింది. నాకు ఆ సంస్థ కథలో ఇష్టమైన భాగం ఇదే.

22. కొత్తబాట

డిపాజిట్ గురించి మేమూ అనుకున్నాం. ఇంటివాళ్ళ దగ్గర పెట్టె ఖరీదు మొత్తం, అంటే 12, డిపాజిట్‌గా తీసుకుంటే నష్టం ఉండదు కదా?

23. పాతచిట్టా

పద్దుల్లో నష్టం ఉండదు. కానీ మొదటిది, అంత డిపాజిట్ అడిగితే ఎంతమంది కొంటారో మీ అమ్మకందారుల్ని అడగండి. రెండోది, డిపాజిట్ మీ ఆదాయం కాదు, అప్పు. పెట్టె వచ్చిన రోజు తిరిగి ఇవ్వాలి. దాన్ని ఖర్చులకు వాడుకుంటే ఒకే వారంలో పెట్టెలన్నీ వెనక్కి వచ్చినప్పుడు చెల్లించలేరు. ఆ డబ్బు వేరే ఖాతాలో ఉంచండి, దాని వైపు చూడకండి.

మూడోది కొంచెం లోతైనది. డిపాజిట్ పెట్టె ఖరీదును మించితే, పెట్టె పోవడం వల్ల మీకు లాభం వస్తుంది. అప్పుడు వాపసు పెంచాలన్న పట్టుదల మీకు తెలియకుండానే సడలుతుంది. పోయిన ప్రతి పెట్టె మీకూ కొంత బాధ కలిగించేలా డిపాజిట్ ఉండాలి, వాళ్ళకూ కొంత బాధ ఉండాలి.

24. అధస్సూచిక

నిర్ణయం ఎలా తీసుకోవాలన్నదానికి ఒక్క మాట. సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు 27 మంది అనుభవజ్ఞులైన వ్యవస్థాపకులు ఎలా ఆలోచిస్తారో గమనించి 2001లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. వాళ్ళలో ఎక్కువమంది ఎంత లాభం రావచ్చో ముందు లెక్క వేయలేదు. ఎంత పోయినా తట్టుకోగలమో ముందు తేల్చుకుని, ఆ హద్దులోపల ప్రయత్నించారు. భరించగల నష్టం అన్నది ఆమె వాడిన ఆలోచన. మీ ఇద్దరి హద్దులూ ఒకటి కాకపోవచ్చు. ఒకరికి ఇంటి బాధ్యతలు ఎక్కువ ఉండవచ్చు, మరొకరికి పొదుపు ఎక్కువ ఉండవచ్చు. మీ గొడవ మనస్తత్వాల గొడవలా కనిపిస్తోంది కానీ, ఇద్దరూ ఆ హద్దును కాగితం మీద రాసి మార్చుకుంటే వేరేగా తేలవచ్చు.

25. మడతపెట్టె

రాశాం, మార్చుకున్నాం. వివరాలు ఇక్కడ చెప్పను. తన హద్దు ఎందుకు తక్కువో నాకు ఇన్నాళ్ళూ తెలియదు, నేనూ అడగలేదు.

మరో సంగతి. మదుపుదారుకు వాపసు లెక్క పంపించాం. "ఒకే నగరంలో 96 దాటేదాకా రెండో నగరం వద్దు" అన్న షరతు ఒప్పందంలో ఉంటే డబ్బు తీసుకుంటామన్నాం. ఆయన ఆలోచించి చెబుతానన్నారు. చెప్పరని నా అనుమానం.

26. నిప్పుకణిక

చెప్పకపోతే వేరొకర్ని చూడండి. ప్రపంచంలో ఒక్కరే మదుపుదారు లేరు. లెక్క చూశాక నా మాట కొంత మార్చుకుంటాను, ఉద్యోగాలు ఇప్పుడే వదలకండి. కానీ నాలుగేళ్ళు ఇలాగే ప్రయోగాలు చేస్తూ కూర్చోకండి, దానికీ ఒక గడువు పెట్టుకోండి.

27. పాతచిట్టా

గడువు మాట నిజం. దానితోపాటు, పెట్టెలు కొనడానికి వాటాలు అమ్మనక్కర్లేదని కూడా గుర్తుంచుకోండి. సంస్థలతో ఏడాది ఒప్పందాలు ఉంటే, వాటి ఆధారంగా పెట్టెల మీద రుణమో లీజో దొరికే అవకాశం ఉంది. వినియోగదారు సంస్థ నుంచే మూడు నెలల అద్దె ముందుగా అడగవచ్చు. వాటా అమ్మితే తిరిగి రాదు, అప్పు తీరిపోతుంది. అయితే వాపసు 96 దాటకముందు అప్పు కూడా చేయకండి.

28. కొత్తబాట

అందరికీ కృతజ్ఞతలు. సరుకుబండి గారి మాట మీద, సొంత బండ్లు ఉన్న ఒక పంపిణీ సంస్థతో మాట్లాడాం. ఒక గోదాము, దాని కింది శాఖలతో మొదలుపెడదామంటున్నారు. చుట్టు వారంలోపే పూర్తవుతుందట. ఇళ్ళ డెలివరీలు ప్రస్తుతానికి కొత్తవి తీసుకోవడం ఆపేశాం, ఉన్నవాళ్ళకు కొనసాగిస్తాం. ఒప్పందంలో పోయిన పెట్టెల సంగతి ఎలా రాయాలి? వాళ్ళు "సాధారణ నష్టం మీదే" అంటున్నారు.

29. పాతచిట్టా

"సాధారణ నష్టం" అన్న మాట ఒప్పందంలో ఉండనివ్వకండి, రేపు ఏదైనా సాధారణమే అవుతుంది. అరుగుదల వేరు, పోవడం వేరు అని విడదీయండి. కీలు విరిగిన పెట్టె వెనక్కి వస్తే ఖర్చు మీది. పెట్టే రాకపోతే వాళ్ళది. ఇన్ని రోజుల్లో రాని పెట్టె పోయినట్టే అని ఒక గడువు రాయండి. గడువు దాటితే ఖరీదు బిల్లు వేస్తారు, తర్వాత దొరికి పంపితే బిల్లు వెనక్కి ఇస్తారు. పెట్టెల యాజమాన్య హక్కు మీదేనని ఒక వాక్యం, నెలకు కనీసం ఇన్ని ప్రయాణాలని మరో వాక్యం ఉండాలి. నెలాఖరున రెండు పక్షాలూ కలిసి లెక్కించి సంతకం చేయాలి. వాడని పెట్టెలు వాళ్ళ గోదాములో నిద్రపోతే అద్దె ఎవరిస్తారో కూడా ముందే తేల్చుకోండి. అక్కడే ఎక్కువ గొడవలు వస్తాయి.

30. సరుకుబండి

నెలాఖరు లెక్క ఒక్కటే సరిపోదు, రోజూ లెక్క ఉండాలి. ఆ లెక్కను శాఖ దగ్గర దించేచోట పెట్టకండి, అక్కడ అందరికీ తొందర, సంతకం చూడకుండా పెడతారు. గోదాములో బండి ఎక్కించేచోట పెట్టండి. డ్రైవరు చేతిలో చీటీ లేకుండా బండి కదలదు కాబట్టి అక్కడ రాసిన అంకె నిజంగా ఉంటుంది.